మెయిలుతో వచ్చిన కాగితం తెరుద్దాం



ఇదివరకు ఉత్తరం వస్తే పోస్టుమాన్ చేతికిచ్చేవాడు. చదువు రాని రోజుల్లో ఆయన చేతనే చదివించుకునేవాళ్ళం. అందులో ఇంటి గుట్టు ఉన్నా సరే, తల వంచుకుని వినాల్సి వచ్చేది. ఇప్పుడు మనకు చదవడం వచ్చింది. బస్సు బోర్డు చదువుతున్నాం. రేషన్ కార్డు చదువుతున్నాం. ఉత్తరం ముక్క వస్తే మనమే చదువుకుంటాం.

కాని కాలం ఇంకో మెలిక పెట్టింది. కాగితాలు పోస్టులో రావడం తగ్గింది. ఫోనులోకి వస్తున్నాయి. బ్యాంకు లెక్క ఫోనులోకే వస్తుంది. అమ్మాయి హాల్ టికెట్ ఫోనులోకే వస్తుంది. కువైట్ వెళ్ళిన మనిషి వీసా నకలు కూడా అందులోకే వస్తుంది. చదవడం వచ్చినా తెరవడం రాకపోతే ఏం లాభం? మళ్ళీ ఎవరో ఒకరి చేతికి ఫోను ఇవ్వాలి. పోస్టుమాన్ అయితే ఉత్తరం చదివి తన దారిన తాను వెళ్ళిపోయేవాడు. ఫోనులో అలా కాదు. అందులో మన బ్యాంకు ఉంది, మన ఫొటోలు ఉన్నాయి, ఇంట్లో మాట్లాడుకున్న మాటలున్నాయి.

అందుకని తెరవడం కూడా మనమే నేర్చుకుందాం.

అంటుకొచ్చేది ఏమిటి?

ఈమెయిల్ అంటే ఉత్తరమే. పోస్టులో పోకుండా తీగల్లోనూ గాలిలోనూ పోతుంది. ఉత్తరానికి గుండుసూది గుచ్చి ఇంకో కాగితం జత చేస్తాం చూడండి, అలాగే మెయిలుకు కూడా కాగితం జత చేయవచ్చు. ఫొటో జత చేయవచ్చు. పాట కూడా జత చేయవచ్చు. ఇలా జత చేసినదాన్ని అటాచ్‌మెంట్ అంటారు. మెయిలులో చిన్న జెమ్ క్లిప్పు బొమ్మ కనిపిస్తే, లేదా ఫైలు పేరు ఒక చిన్న గడిలో కనిపిస్తే, ఈ ఉత్తరంతో ఇంకేదో వచ్చిందని అర్థం.

మొదట్లో ఇది కుదిరేది కాదు. మెయిలు పోయే దారిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేవీ పట్టేవి కావు. అమెరికాలో నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు కలిసి దీనికొక పద్ధతి కనిపెట్టారు. 1992 మార్చి 11న బోరెన్‌స్టీన్ ఆ పద్ధతిలో మొదటి మెయిలు పంపాడు. దానికి ఏం జత చేశాడో తెలుసా? నలుగురు కలిసి పాడే ఒక బృందం ఫొటో, వాళ్ళు పాడిన పాట. ఆ నలుగురిలో ఆయన కూడా ఒకడు!

ఫొటో అక్షరాల దారిలో ఎలా పోయింది? మనం మంచాన్ని ఊరికి తీసుకుపోవాలంటే ఏం చేస్తాం? నిలువు మంచం బస్సులో పట్టదు. నులక విప్పుతాం. కోళ్ళు, పట్టెలు ఊడదీసి కట్ట కడతాం. ఊరు చేరాక మళ్ళీ బిగిస్తాం. ఇదీ అంతే. పంపేటప్పుడు ఫొటోను విప్పి అక్షరాలుగా మారుస్తారు. అవతల చేరాక ఆ అక్షరాలను మళ్ళీ ఫొటోగా బిగిస్తారు. ఇదంతా కంప్యూటర్లే చూసుకుంటాయి. కాకపోతే కట్ట కట్టినప్పుడు బరువు కొంచెం పెరుగుతుంది. మూడు పాళ్ళ సరుకు నాలుగు పాళ్ళవుతుంది. అందుకే మెయిలులో బరువుకు హద్దు పెట్టారు. జీమెయిల్‌లో ఒక్క ఉత్తరానికి 25 ఎంబీ దాకా జత చేయవచ్చు. ఫోనుతో తీసిన ఫొటోలు ఓ అయిదారు పట్టవచ్చు. అంతకు మించితే అది జత కాదు. గూగుల్ డ్రైవ్ అనే గోదాములో పెట్టి, దాని అడ్రసు మాత్రం పంపుతుంది.

తోక చూడండి

జత అయి వచ్చే ప్రతి వస్తువునూ ఫైలు అంటారు. ప్రతి ఫైలుకూ ఒక పేరుంటుంది. పేరు చివర ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్కను డాట్ అంటారు. చుక్క తర్వాత మూడో నాలుగో ఇంగ్లీషు అక్షరాలుంటాయి. దాన్ని మనం తోక అందాం.

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఫైలుకు ఇంటిపేరు చివర వస్తుంది. ఆ తోకను బట్టి అది ఏ జాతి ఫైలో తెలుస్తుంది. ముందున్న పేరు ఎవరైనా ఏమైనా పెట్టుకోవచ్చు. తోకే అసలు సంగతి చెబుతుంది.

ఎందుకిన్ని జాతులు? వంటింట్లో చూడండి. ఆవకాయ జాడీలో ఉంటుంది. నూనె డబ్బాలో ఉంటుంది. బియ్యం బస్తాలో ఉంటాయి. జాడీ మూత తీసే తీరు వేరు, బస్తా కుట్టు విప్పే తీరు వేరు. ఫైళ్ళు కూడా అంతే. రాత ఉన్న ఫైలును ఒక రకంగా, లెక్కలున్న ఫైలును ఒక రకంగా, ఫొటోను ఇంకో రకంగా కడతారు. ఏ తాళానికి ఆ చెవి కావాలి. ఫోనులో ఆ చెవినే యాప్ అంటారు.

ఇంగ్లీషు అక్షరాలు 26 మనకు వస్తే చాలు, తోక చదవవచ్చు. పెద్ద మాటలేవీ రానక్కర లేదు.

అత్తా కోడలు

ఒక ఊళ్ళో పొదుపు సంఘం ఉంది. సభ్యులు పది మంది. లీడరు ఒక పెద్దావిడ. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఆమె కోడలు ఇంటర్ చదివింది. సంఘం బ్యాంకులో అప్పు తీసుకుంది. నెలకు 12,000 రూపాయలు కిస్తీ కడుతున్నారు. ఆరు నెలలు కట్టారు. కాని అయిదు కిస్తీలే పడ్డాయని బ్యాంకు నుంచి కబురొచ్చింది.

సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. “మన డబ్బు లీడరు వాడుకుందేమో” అని ఒకామె నోరు జారింది. ఆ మాట లీడరు చెవిన పడింది. ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు.

మర్నాడు బ్యాంకుకు వెళ్ళి లెక్క అడిగింది. “మీ సంఘం మెయిలుకు పంపించాం, చూసుకోండి” అన్నారు. ఇంటికొచ్చి కోడలిని పిలిచింది.

“అమ్మాయ్, బ్యాంకు వాళ్ళు మెయిలు పంపారట. కాస్త తెరిచి చూడు.”

“నేను తెరవను అత్తయ్యా. మీరు తెరవండి. నేను పక్కన కూర్చుంటాను.”

“నాకెక్కడొస్తుందే?”

“చదవడం మాత్రం ముందే వచ్చిందా? అది నేర్చుకోలేదూ! కవరు బొమ్మ లాంటిది ఉంది చూడండి. అది నొక్కండి.”

అత్త జీమెయిల్ నొక్కింది. మెయిళ్ళ వరస వచ్చింది. బ్యాంకు పేరున్న మెయిలు నొక్కింది. ఉత్తరం తెరుచుకుంది. కింద ఒక గడి ఉంది. ఆ గడిలో ఎర్రటి గుర్తు, పక్కన ఫైలు పేరు.

“తోక చదవండి అత్తయ్యా.”

“డాట్... పీ... డీ... ఎఫ్.”

“అంతే! పీడీఎఫ్. అచ్చయిన కాగితం లాంటిది. ఎవరు తెరిచినా ఒకేలా కనిపిస్తుంది. దాని మీద నొక్కండి.”

అత్త నొక్కింది. కాగితం రాలేదు. ఒక ఖాళీ గడి వచ్చింది. పాస్‌వర్డ్ కావాలట.

“ఇదేమిటే! తాళం వేసి పంపారు?”

“మంచిదే కదా అత్తయ్యా. వేరే వాళ్ళ చేతిలో పడినా తెరవలేరు. తాళం చెవి ఎక్కడుందో ఉత్తరంలోనే రాసి ఉంటుంది. వెనక్కి వెళ్ళి ఉత్తరం చదవండి.”

ఉత్తరంలో నిజంగానే ఉంది. ఖాతా నంబరులో ఫలానా అంకెలు వేయమని రాశారు. అత్త పాస్‌బుక్కు తెచ్చింది. చూసి ఒక్కో అంకె కొట్టింది. కాగితం తెరుచుకుంది. రెండు వేళ్ళు తెర మీద పెట్టి దూరం జరిపితే అక్షరాలు పెద్దవయ్యాయి.

అత్త వేలు పెట్టి చదివింది. జనవరి 12,000. ఫిబ్రవరి 12,000. మార్చి 12,000. ఏప్రిల్ లేదు! మే ఉంది. జూన్ ఉంది.

అత్త లేచి పెట్టె తెరిచింది. రసీదుల కట్ట తీసింది. ఏప్రిల్ రసీదు ఉంది. బ్యాంకు ముద్ర ఉంది.

“ఈ కాగితం సంఘంలో అందరికీ చూపించాలి. ఎలా?”

“కింది వైపు బాణం గుర్తు ఉంది. అది నొక్కితే ఫోనులో దాచుకుంటుంది. డౌన్‌లోడ్ అంటారు. తర్వాత ఫైల్స్ అనే యాప్‌లో, డౌన్‌లోడ్స్ అనే అరలో ఉంటుంది. అక్కడి నుంచి ఎప్పుడైనా తెరవొచ్చు. మీసేవలో ప్రింటు కూడా తీయించొచ్చు.”

మర్నాడు సంఘం కూర్చుంది. అత్త తన ఫోనులో తానే కాగితం తెరిచింది. పక్కన రసీదు పెట్టింది. నోరు జారిన ఆమెకే ముందు చూపించింది. తర్వాత అయిదుగురు కలిసి బ్యాంకుకు వెళ్ళారు. ఏప్రిల్ కిస్తీ అదే పేరున్న పక్క ఊరి సంఘం ఖాతాలో పడిందని తేలింది. వారంలో సరిచేశారు.

ఇక్కడ ఒక మాట గమనించండి. కోడలు ఫోను తన చేతిలోకి తీసుకోలేదు. నేర్పేవాళ్ళు అలా ఉండాలి. “ఇటివ్వు, నేను చూస్తా” అని లాక్కునేవాళ్ళ దగ్గర పదేళ్ళయినా మనకు ఏమీ రాదు.

పీడీఎఫ్ గురించి ఇంకొంచెం

పీడీఎఫ్‌ను 1993లో అడోబి అనే కంపెనీ తెచ్చింది. ఇందులో గొప్ప ఏమిటంటే, అక్షరాల అచ్చులు కూడా ఫైలులోనే సర్ది పంపవచ్చు. అందుకని ఏ ఫోనులో చూసినా గీత చెదరదు. ప్రభుత్వ కాగితాలు, బ్యాంకు లెక్కలు ఎక్కువగా ఇందులోనే వస్తాయి. తెరవడానికి డబ్బు కట్టనక్కర లేదు. చాలా ఫోనుల్లో తెరిచే యాప్ ముందే ఉంటుంది. జీమెయిల్ తానే తెరిచి చూపిస్తుంది. “ఈ రీడర్ దింపుకుంటేనే కాగితం కనిపిస్తుంది” అని మెయిలులో ఎవరైనా రాస్తే నమ్మకండి.

తాళం వేసిన పీడీఎఫ్‌లు మనకు తరచూ తగులుతాయి. ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుంచి దింపుకున్న ఈ-ఆధార్‌కు తాళం ఉంటుంది. దాని చెవి ఇది: మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పెద్ద బడి అక్షరాల్లో. వెంటనే మీరు పుట్టిన సంవత్సరం. మధ్యలో ఖాళీ ఉండకూడదు. లక్ష్మి అనే ఆమె 1975లో పుట్టింది అనుకోండి. ఎల్, ఏ, కే, ఎస్, తర్వాత 1975. ఆధార్ కార్డు మీద పేరు ఎలా ఉంటే అలాగే తీసుకోవాలి. కొందరికి కార్డులో ఇంటిపేరు ముందుంటుంది. అప్పుడు ఇంటిపేరులోని నాలుగు అక్షరాలే వస్తాయి. తాళం రాకపోతే ముందు ఇదే చూసుకోండి. పెద్ద అక్షరాలు కొట్టారో లేదో కూడా చూడండి. నూటికి తొంభై మంది ఇక్కడే ఆగిపోతారని నా అంచనా.

ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఈ-పాన్‌కు పుట్టిన తేదీ చెవి. తేదీకి రెండంకెలు, నెలకు రెండంకెలు, సంవత్సరానికి నాలుగంకెలు. మొత్తం ఎనిమిది. బ్యాంకులు మాత్రం ఒక్కోటి ఒక్కో రకం చెవి పెడతాయి. మెయిలులో రాసి ఉంటుంది. ఓపిగ్గా చదవాలి.

ఒక సంగతి మరిచిపోవద్దు. ఫైలు తాళం చెవి మనం గడిలో కొట్టేది. ఫోనులో ఎవరైనా అడిగితే చెప్పేది కాదు.

రాత ఫైలు, లెక్క ఫైలు

తోక డీఓసీ గానీ డీఓసీఎక్స్ గానీ అయితే అది వర్డ్ ఫైలు. గుర్తు నీలి రంగులో ఉంటుంది. 2007 ముందు పాత తోక, ఆ తర్వాత ఎక్స్ చేరిన కొత్త తోక. దీన్ని గూగుల్ డాక్స్ అనే యాప్‌తో ఉచితంగా తెరవవచ్చు.

తెలుగు కాగితాలతో ఇక్కడొక తంటా ఉంది. వర్డ్ ఫైలు తెరవగానే తెలుగు కనిపించదు. పురుగులు పాకినట్టు ఏవో ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు కనిపిస్తాయి. ఫోను పాడైందని కంగారు పడతాం. మన కళ్ళజోడు తుడుచుకుంటాం! తప్పు ఫోనుదీ కాదు, మన కళ్ళదీ కాదు. ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో అను ఫాంట్స్ వంటి పాత అచ్చులతో టైపు చేస్తారు. ఆ అచ్చులు వాళ్ళ కంప్యూటరులో ఉంటాయి. మన ఫోనులో ఉండవు. వర్డ్ ఫైలు మామూలుగా అచ్చులను వెంట తేదు. అందుకే ఇలా అవుతుంది. దీనికి మందు ఒకటే. పంపినవాళ్ళకు “పీడీఎఫ్ చేసి పంపండి” అని జవాబు రాయండి. లేదా “యూనికోడ్‌లో టైపు చేసి పంపండి” అనండి. యూనికోడ్ అన్నది అన్ని ఫోనులూ చదవగలిగే పద్ధతి. మనం వాట్సాప్‌లో రాసే తెలుగు యూనికోడే. దాన్ని ఎవరికి పంపినా తెలుగుగానే కనిపిస్తుంది.

ఇంకో తేడా ఉంది. వర్డ్ ఫైలులో ఎవరైనా చెయ్యి పెట్టి మార్చవచ్చు. అంకె తీసి అంకె వేయవచ్చు. అందుకే ఒప్పంద కాగితం ఎవరైనా వర్డ్‌లో పంపి “సరే అనండి చాలు” అంటే ఒప్పుకోవద్దు. పీడీఎఫ్ అడగండి. పీడీఎఫ్‌ను అసలే మార్చలేరని కాదు, నేర్పరులు మార్చగలరు. అయినా వర్డ్ కంటే నయం. వచ్చిన రోజే డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. మెయిలు మీద తేదీ ఉంటుంది. రేపు మాట తేడా వస్తే ఆ తేదీయే సాక్ష్యం.

కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. వాళ్ళకు ఈ ముక్క మరీ ముఖ్యం. ఏజెంటు నోటితో చెప్పే జీతం ఒకటి, కాగితంలో రాసిన జీతం ఒకటి కావచ్చు. “అది ఇంగ్లీషులో ఉంది, నీకెందుకు” అంటాడు. అంకెలు ఏ భాషలోనైనా అంకెలే. తెరిచి జీతం అంకె చూడండి. మీ పేరు, పాస్‌పోర్టు నంబరు సరిపోయాయో చూడండి. విదేశాలకు మనుషులను పంపే ఏజెంట్లు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఆ పేర్లు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు.

ఇక లెక్క ఫైలు. తోక ఎక్స్ఎల్ఎస్ లేదా ఎక్స్ఎల్ఎస్ఎక్స్. గుర్తు ఆకుపచ్చ. దీన్ని ఎక్సెల్ అంటారు. గూగుల్ షీట్స్ యాప్‌తో తెరవవచ్చు. లోపల జమాఖర్చు పుస్తకంలాగా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఫోను తెర చిన్నది కనుక అన్ని గళ్ళూ ఒకేసారి కనిపించవు. వేలితో పక్కకు జరపాలి. మన పేరు కనిపించి, ఎదురుగా డబ్బు కనిపించకపోతే కంగారు పడకండి, కుడి వైపు ఉంటుంది. అడుగున చిన్న చిన్న చీటీల్లాంటివి ఉంటాయి. ఒక్కో చీటీ ఒక్కో పేజీ. లబ్ధిదారుల జాబితాలో మన ఊరు లేదనుకుని వెనక్కి వచ్చేస్తాం. రెండో చీటీ నొక్కితే మన ఊరు అక్కడ ఉంటుంది! ఒక్కోసారి ఎక్సెల్ గడిలో అంకె బదులు వరసగా నిలువు అడ్డగీతల గుర్తులు కనిపిస్తాయి. డబ్బు పోలేదు. గడి ఇరుకైంది. ఇరుకు గడిలో అంకె పట్టక అలా చూపిస్తుంది. గడిని వెడల్పు చేస్తే అంకె కనిపిస్తుంది.

ఫొటోలు, మూటలు

జేపీజీ, పీఎన్‌జీ తోకలు ఫొటోలవి. నొక్కితే చాలు, తెరుచుకుంటాయి. ఐఫోను వాళ్ళు పంపిన ఫొటోకు హెచ్ఈఐసీ అనే తోక ఉండవచ్చు. 2017 నుంచి ఐఫోనులు ఇది వాడుతున్నాయి. పాత కంప్యూటర్లలో ఇది తెరుచుకోదు. మీసేవలో “ఈ ఫొటో పనికిరాదు” అంటే కారణం ఇదే కావచ్చు. పంపినవాళ్ళను జేపీజీ పంపమనండి.

మనం కాగితం ఫొటో తీసి పంపేటప్పుడు కూడా కాస్త జాగ్రత్త కావాలి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది ఫొటోను నలిపి చిన్నది చేస్తుంది. సన్న అక్షరాలు అలుక్కుపోతాయి. క్లిప్పు గుర్తు నొక్కి డాక్యుమెంట్ అన్న దారిలో పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

ఎంపీ3 పాట, ఎంపీ4 వీడియో. వీటి గురించి చెప్పేదేమీ లేదు, మనవళ్ళు మనకంటే ముందే తెరుస్తారు.

జడ్ఐపీ, అంటే జిప్, మూట. ఒక మూటలో ఎన్ని ఫైళ్ళయినా కట్టవచ్చు. 1989లో ఫిల్ కాట్జ్ అనే అతను ఈ మూట కట్టే పద్ధతి తెచ్చాడు. తమాషా ఏమిటంటే, ప్రతి జిప్ మూట లోపలా మొదట పీ, కే అనే అతని పేరు పొడి అక్షరాలు ఉంటాయి. కంప్యూటరు వాటిని చూసి ఇది మూట అని గుర్తు పడుతుంది. ఫోనులో ఫైల్స్ యాప్ తెరిచి, మూట మీద నొక్కితే ఎక్స్‌ట్రాక్ట్ అని వస్తుంది. విప్పు అని దాని అర్థం. నొక్కితే లోపలి ఫైళ్ళు బయటికొస్తాయి. తెలిసినవాళ్ళు పంపుతామని ముందే చెప్పిన మూటనే విప్పండి. ఊరూ పేరూ లేని మూట వీధిలో దొరికితే విప్పుతామా?

ఏమీ తెరుచుకోకపోతే? “ఈ ఫైలు తెరిచే యాప్ లేదు” అని ఫోను ఇంగ్లీషులో చెబుతుంది. అప్పుడు తోక చదవండి. కాగితం మీద రాసుకోండి. ఆ తోక చెప్పి తెలిసినవాళ్ళను అడగండి. లేదా పంపినవాళ్ళనే అడగండి: “మాకు పీడీఎఫ్‌గా పంపండి.” ఇలా అడగడానికి మొహమాటం ఎందుకు? వాళ్ళు పంపడమే మనం చదవాలని.

తెరవకూడని తోకలు

ఇప్పటిదాకా చెప్పినవి చూసే ఫైళ్ళు. ఇంకో జాతి ఉంది. అవి చూసేవి కావు, పని చేసేవి. తెరిస్తే ఫోనులోకి దిగి తమ పని మొదలు పెడతాయి. కంప్యూటరుకు ఈఎక్స్ఈ తోక. మన ఫోనుకు ఏపీకే తోక. ఏపీకే అంటే యాప్. కాగితం కాదు, ఫొటో కాదు.

2024లో పెళ్ళి శుభలేఖ పేరుతో ఏపీకే ఫైళ్ళు వాట్సాప్‌లో తిరిగాయి. ట్రాఫిక్ చలానా పేరుతో తిరిగాయి. పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో కూడా వచ్చాయి. పోలీసులు హెచ్చరించారు. ఆలోచించండి. శుభలేఖ కాగితం. అయితే పీడీఎఫ్ రావాలి, లేదంటే ఫొటో రావాలి. శుభలేఖకు యాప్ ఎందుకు? అలా తోక చూసినవాళ్ళు ఆగిపోయారు. పేరు మాత్రమే చూసినవాళ్ళు నొక్కారు. ఆ యాప్ ఫోనులోకి దిగి మెసేజీలు చదువుతుంది. బ్యాంకు ఓటీపీ కూడా మెసేజీగానే కదా వచ్చేది! డబ్బు పోయాక గానీ తెలియదు.

జీమెయిల్ ఏపీకే, ఈఎక్స్ఈ ఫైళ్ళను జత చేయనివ్వదు. అందుకే దొంగలు ఎక్కువగా వాట్సాప్ దారిలో వస్తారు. ఏపీకే నొక్కినా వెంటనే దిగదు. “తెలియని చోటి నుంచి వచ్చిన యాప్, ఒప్పుకుంటారా?” అని ఫోను అడుగుతుంది. అది ఆఖరి గడప. అక్కడైనా ఆగాలి. యాప్ కావాలంటే ప్లే స్టోరు నుంచే తీసుకోవాలి.

దొంగలకు ఇంకో ఎత్తు ఉంది. రెండు తోకలు పెడతారు. 2000 సంవత్సరం మే నెలలో ప్రపంచమంతా ఒక మెయిలు తిరిగింది. ఫిలిప్పీన్స్ దేశంలో పుట్టింది. “నిన్ను ప్రేమిస్తున్నాను” అని ఇంగ్లీషులో రాసి ఉంది. దానికి ప్రేమలేఖ అనే ఫైలు జత. పేరు చివర టీఎక్స్‌టీ అని ఉంది. అది మామూలు రాత ఫైలు తోక. కాని దాని వెనకాల వీబీఎస్ అని ఇంకో తోక ఉంది. కంప్యూటరు చివరి తోకను దాచి, ముందుది మాత్రం చూపించింది. జనం ప్రేమలేఖే అనుకుని తెరిచారు. ఆ ఫైలు కంప్యూటరులోని ఫొటోలను పాడు చేసింది. అడ్రసు పుస్తకంలో ఉన్న అందరికీ తనను తానే పంపుకుంది. కొన్ని రోజుల్లోనే లక్షల కంప్యూటర్లు దెబ్బ తిన్నాయి. తెలిసినవాళ్ళ దగ్గర నుంచి వచ్చిందనే అందరూ తెరిచారు. కాబట్టి చెల్లెలి పేరుతో వచ్చినా తోక చూడాలి. అనుమానముంటే చెల్లెలికి ఫోను చేసి “నువ్వేనా పంపింది?” అని అడగాలి. ఒక్క నిమిషం పని. రెండు తోకలుంటే చివరిదే లెక్క.

హెచ్‌టీఎం, హెచ్‌టీఎంఎల్ తోకలతో కూడా జాగ్రత్త. నొక్కితే బ్యాంకు పేజీలాంటిదే తెరుచుకుని పాస్‌వర్డ్, పిన్ను అడగవచ్చు. పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ అడగడం మామూలే అని పైన చెప్పుకున్నాం. అక్కడ అడిగేది ఆ కాగితం తాళం. ఏటీఎం పిన్ను అడిగితే అది కాగితం కాదు, దొంగ.

పొరపాటున ఏపీకే నొక్కి దింపేశారా? ఏడుస్తూ కూర్చోవద్దు. దాచిపెట్టొద్దు కూడా. మొగుడు తిడతాడని, కొడుకు కోప్పడతాడని దాచిపెడితే ఆ లోగా ఖాతా ఖాళీ అవుతుంది. ముందు ఫోనులో డేటా, వైఫై ఆపేయండి. పక్కింటి ఫోను తీసుకుని 1930కి చేయండి. ఇది సైబర్ మోసాలకు దేశమంతటికీ ఒకటే నంబరు. ఆ వెంటనే బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. ఎంత త్వరగా చెబితే, పోయిన డబ్బును దారిలో ఆపడానికి అంత వీలుంటుంది.

నెట్ సెంటరులో

మన మెయిలు వేరేవాళ్ళ కంప్యూటరులో తెరిచి ప్రింటు తీయించాల్సి వస్తుంది. అప్పుడు పాస్‌వర్డ్ మనమే కొట్టాలి. వాళ్ళకు చెప్పి కొట్టించవద్దు. పని అయ్యాక సైన్ అవుట్ చేయాలి. డౌన్‌లోడ్స్ అరలో మన ఆధార్ ఫైలు మిగిలిపోతుంది. దాన్ని తీసేయమని అడగాలి. తీసేసేదాకా అక్కడే నిలబడాలి. చెత్తబుట్ట బొమ్మలోంచి కూడా తీసేయాలి. ప్రింటు సరిగ్గా రాక పక్కన పడేసిన కాగితాలుంటే అవి కూడా ఇంటికి తెచ్చుకోండి.

చదవండి, చెప్పండి, రాయండి

1. మీ మెయిలులో క్లిప్పు గుర్తున్న ఉత్తరం ఒకటి వెతకండి. జత అయి వచ్చిన ఫైలు తోక ఇక్కడ రాయండి.

2. సంఘం లీడరు తన నిజాయితీ ఎలా చూపించింది? ఆమె దగ్గర రసీదు లేకపోతే ఏమయ్యేది? కలిసి మాట్లాడుకోండి.

3. మీ ఈ-ఆధార్ తాళం చెవి ఏమిటి? మనసులో చెప్పుకోండి. పుస్తకంలో రాయవద్దు.

4. కింది ఫైళ్ళలో ఏవి తెరవవచ్చు? ఏవి తెరవకూడదు? ఎందుకు?

మార్చి జమాఖర్చు డాట్ ఎక్స్ఎల్ఎస్ఎక్స్

పాప హాల్ టికెట్ డాట్ పీడీఎఫ్

మామిడి తోట డాట్ జేపీజీ

కరెంటు బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఏపీకే

తీర్మానం డాట్ డీఓసీఎక్స్ (తెరిస్తే తెలుగు కనిపించలేదు. పంపినవాళ్ళకు ఏమని రాస్తారు? రెండు వాక్యాలు రాయండి.)

5. సైబర్ మోసాల నంబరు చూడకుండా రాయండి. గోడ మీద, పంచాంగం పక్కన కూడా రాసి పెట్టండి.